తడి వదిలిన చోటు

మేస్త్రి గారు పోయారన్న కబురు నాకు నాలుగో గ్రీను మీద తెలిసింది. గొంతుక్కూర్చుని కలుపు తీస్తున్నాను. వాచ్‌మన్ సైకిలు దిగకుండానే ఒక కాలు నేలకానించి, "మేస్త్రి గారు పోయారంట. తెల్లవారుజామున. అద్దంకిలో, కూతురింట్లో" అని చెప్పి, మిగతావాళ్ళకి చెప్పడానికి ఐదో గ్రీను వైపు తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. అప్పుడు నా చేతిలో తుంగ మొక్క ఒకటుంది, వేరు తెగకుండా వచ్చింది. దాన్ని బుట్టలో వెయ్యాలని కూడా తోచక అలాగే పట్టుకుని కూర్చున్నాను.

ఆయన గురించి రాయాలని ఆరోజే అనిపించింది. నెల దాటినా రాయలేదు. ఎందుకంటే ఐదేళ్ళ కిందట కర్పూరం ఆర్పి ఒక ప్రమాణం చేశాను, ఆయన సంగతి ఒకటి ఎవరికీ చెప్పనని. ఎప్పటిదాకా అని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఇప్పుడు ఆయన లేరు, ప్రమాణం ఉంది. చెబితే ఆయన పేరు పోతుంది. చెప్పకపోతే ఆయన నేర్పిన పని అంతా నాతోపాటే ఈ కలుపులో కలిసిపోతుంది.

పోయిన సోమవారం అమరావతి వెళ్ళాను. దర్శనం అయ్యాక, జనం పలచబడేదాకా ఆగి, పూజారి గారిని అడిగాను.

"అయ్యగారూ, చెప్పనని ప్రమాణం చేసిన సంగతి రాసుకోవచ్చాండీ?"

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఎవరికి రాస్తావమ్మా?"

"ఎవరికీ కాదండీ. పెట్టెలో పెట్టుకుంటాను."

"అయితే రాసుకో. ఎవరికీ చూపించకు" అని హారతి పళ్ళెం నా ముందుకు జరిపారు.

అందుకని ఇవాళ పెన్ను పట్టుకున్నాను. ఎప్పుడో, నా తర్వాత, ఈ నోటుపుస్తకం ఎవరి చేతిలోనైనా పడితే వాళ్ళకి అర్థం కావాలి కాబట్టి మా పని సంగతి ముందు చెబుతాను.

గుంటూరు దాటి చిలకలూరిపేట వైపు వచ్చే దారిలో, మిరపకాయల కోల్డ్ స్టోరేజీల వెనక, ఒకప్పటి పత్తి చేలల్లో మా క్లబ్బు ఉంది. గోల్ఫ్ ఆడే క్లబ్బు. కర్రతో చిన్న తెల్లబంతిని కొట్టుకుంటూ పోయి, ఎక్కడో దూరంగా జెండా కింద ఉన్న గుంతలో వెయ్యడం ఆ ఆట. మా దగ్గర గుంతలు తొమ్మిది. గుంత ఉండే చోట గడ్డిని చాప పరిచినట్టు కత్తిరించి ఉంచుతారు, దాన్నే గ్రీను అంటాం. గుంత రోజూ ఒకేచోట ఉంటే జనం తొక్కి తొక్కి గడ్డి చచ్చిపోతుంది. అందుకని పొద్దున్నే, ఆడేవాళ్ళు రాకముందే, కొత్తచోట గొట్టంతో గుంత కోసి, ఆ తీసిన మట్టిగడ్డతోనే నిన్నటి గుంతని పూడుస్తారు. ఆ కొత్తచోటు ఎక్కడన్నది మేస్త్రి గారు చెప్పేవారు. ముప్ఫై ఏళ్ళు ఆయనే చెప్పారు. అందరూ అలాగే అనుకుంటున్నారు.

నా పని రెండు రకాలు. పొద్దున్నే పొడుగాటి వెదురు గడతో గ్రీన్ల మీద మంచు దులపడం. తడి ఆరకపోతే గడ్డికి తెగులు వస్తుంది, బంతి దొర్లదు. మంచు దులిపాక చీకటిపడేదాకా కూర్చుని కలుపు తియ్యడం. ఈ రెండో పని నా మోకాళ్ళని తినేసింది.

మేస్త్రి గారు గ్రీను మీదికి చెప్పులతో ఎక్కేవారు కాదు. అంచున చెప్పులు విడిచి, పంచె కాస్త ఎగగట్టి, ఒక లవంగం నోట్లో వేసుకుని ఎక్కేవారు. నాకు అది చాలా నచ్చేది. మనిషికి ఎక్కడ చెప్పులు విడవాలో తెలిస్తే చాలనుకునేదాన్ని. గాలి ఎటుందో చూడటానికి అందరూ గడ్డి పోచలు ఎగరేస్తారు. ఆయన ముక్కుతో చూసేవారు. కోల్డ్ స్టోరేజీల వైపు నుంచి మిరప ఘాటు వచ్చి గొంతు గరగరలాడితే పడమటి గాలి. ఆ రోజు మూడో గుంతని వెనక్కి జరిపేవారు కాదు.

"తొమ్మిదింట్లో మూడు నవ్వించాలి, మూడు ఆలోచింపజెయ్యాలి, మూడు తిట్టించాలి" అనేవారు. "తొమ్మిదీ తిట్టిస్తే మనకి పొగరు. తొమ్మిదీ నవ్విస్తే మనకి పని రాదు."

ఒకరోజు పేపరు చూసి వచ్చి, "పత్తి రేటు పడింది. ఇవాళ తిట్టించేవి వద్దు" అన్నారు. మా దగ్గర ఆడేవాళ్ళు చాలామంది పత్తి మిల్లులవాళ్ళు, మిరప యార్డు వ్యాపారులు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "వాళ్ళు ఇక్కడ ఓడిపోయి ఇంటికెళ్ళి ఆడవాళ్ళ మీద అరుస్తారమ్మాయ్. ఆ అరుపు మన గుంత వల్ల రాకూడదు." ఆ రోజు తొమ్మిది జెండాలూ మెత్తటి చోట్లలో ఊగాయి. ఎవరి ఇంట్లోనైనా ఆ రాత్రి అన్నం నెమ్మదిగా తిన్నారో లేదో మాకు తెలియదు. ఆయన మాత్రం వాళ్ళు తిన్నట్టే మొహం పెట్టారు.

ఇక ప్రమాణం సంగతి. ఐదేళ్ళ కిందట, కార్తీకం వెళ్ళిన వారం. రెండో గ్రీను మీద మంచు దులిపి పక్కకి నిలబడ్డాను. ఆయన నడిచి నడిచి ఒకచోట ఆగి, గొట్టం నేలకి ఆనించారు. అది మొన్ననే పూడ్చిన గుంత. ఇంకా కుదురుకోలేదు, చుట్టూ పసుప్పచ్చ గీత కూడా ఉంది. అక్కడ చిన్నపిల్లాడు కూడా గుంత కొయ్యడు.

"మేస్త్రి గారూ, అక్కడ మొన్నటిది ఉందండీ" అన్నాను మెల్లగా.

ఆయన కదల్లేదు. గొట్టం మీద రెండు చేతులూ అలాగే ఉన్నాయి. "ఎంత దూరంలో?" అన్నారు.

"దాని మీదే ఉన్నారండీ."

మధ్యాహ్నం పంపుషెడ్డుకి పిలిచారు. నీటికాసులట. అంచుల నుంచి చూపు మూసుకుపోతూ వచ్చి, మధ్యలో గొట్టంలోంచి చూసినట్టు కాస్త మిగిలిందట. తిరిగిరాదని గుంటూరు డాక్టరు చెప్పేశాడట. మైదానం మొత్తం అలవాటు కాబట్టి నడుస్తున్నారు, మనుషుల్ని గొంతుతో పోలుస్తున్నారు. వాలు మాత్రం కనపడదు. ఇంట్లో భార్య పక్షవాతంతో మంచంలో ఉంది. ఉన్నది క్లబ్బు క్వార్టరు. చూపు లేదని తెలిస్తే పనీ పోతుంది, ఆ మంచం వేసుకోవడానికి చోటూ పోతుంది.

"నువ్వు నా కళ్ళవమ్మాయ్" అన్నారు. "నాకు తెలిసింది నీకు చెబుతాను. నీకు కనపడేది నాకు చెప్పు. ఇంకెవరికీ తెలియకూడదు."

పంపుషెడ్డు గోడకి అమరేశ్వరుడి పటం ఉంది. నేనే కర్పూరం వెలిగించాను. నేనే అరచేత్తో ఆర్పాను. ఆయన బలవంతం చెయ్యలేదు. ఆ మాట కూడా రాయాలి.

ఆ తర్వాత ఆయన నేర్పడం మొదలుపెట్టారు. చెంబుతో నీళ్ళు పొయ్యమని, ఎటు పారాయో చెప్పమనేవారు. గ్రీను అంచు నుంచి నాలుగు అడుగులు వదలాలి. గుంత చుట్టూ మూరెడు నేల సమంగా ఉండాలి. "వాలు గుంత దాకా రావొచ్చు. గుంతలోకి రాకూడదు." నిన్న తొక్కినచోట ఇవాళ తొక్కించకూడదు. ఆరో గ్రీను సంగతి వేరే చెప్పారు. దాని కింద పత్తిచేల నాటి దిగుడుబావి ఒకటి పూడ్చి ఉంది. ప్రతి వానాకాలానికీ పడమటి పక్క చిటికెడు కుంగుతుంది. కంటికి కనపడదు. నీళ్ళకి తెలుస్తుంది. వానలప్పుడు అక్కడ కోస్తే గుంతలోకి నీరు దిగి చుట్టూ గడ్డి కుళ్ళుతుంది.

నాకు అంత తొందరగా ఎలా వచ్చిందని ఒకసారి నేనే ఆశ్చర్యపోతే ఆయన అన్నారు: "నువ్వు కూర్చుని చూసే మనిషివి. నిలబడి చూసేవాడికి వాలు తెలియదు. పదేళ్ళుగా కలుపు తీస్తూ ఈ గ్రీన్లన్నీ కళ్ళతో దున్నావు." నా మోకాళ్ళ నొప్పికి అంతకంటే మంచి మాట ఎవరూ చెప్పలేదు.

మొదట్లో చోటు నోటితో చెప్పేదాన్ని. కొన్నాళ్ళకి సెక్రటరీ గారు పొద్దున్నే నడవడం మొదలుపెట్టారు, మా దగ్గరికి వచ్చి నిలబడేవారు. మాట్లాడే వీలు పోయింది. ఒకరోజు తొందరలో గ్రీను మధ్యలో అరచేతి వెడల్పు మంచు దులపడం మర్చిపోయాను. ఆయన నడుస్తూ వచ్చి సరిగ్గా దాని మీద కాలు పెట్టి ఆగారు. వెనక్కి తిరిగి నా వైపు మొహం పెట్టారు. ఇద్దరికీ ఒకేసారి తోచింది.

అప్పటినుంచి అదే మా పద్ధతి. గ్రీను మొత్తం దులిపేదాన్ని, గుంత ఉండాల్సిన చోట మాత్రం తడి వదిలేదాన్ని. ఆయన చెప్పులు విడిచి ఎక్కి, అటూ ఇటూ నాలుగు అడుగులు వేసి, అరికాలికి చల్లగా తగిలినచోట ఆగేవారు. మంచు పడని ఎండాకాలంలో తడిగుడ్డ పిండేదాన్ని. చూసేవాళ్ళకి అది గొప్పగా ఉండేది. "మా మేస్త్రి కాలితో చదువుతాడండీ" అని సెక్రటరీ గారు వచ్చినవాళ్ళకల్లా చెప్పేవారు.

మెల్లగా చోటు చెప్పడం కూడా ఆయన మానేశారు. "నీ ఇష్టం" అనేవారు. మా క్లబ్బులో ఒక ముసలి డాక్టరు గారు ఆడతారు, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడరు. ఆయన ఒకరోజు మేస్త్రి గారితో అన్నారు: "ఏమయ్యా, ఈ మధ్య మారావు. ఇదివరకు ధైర్యంగా పెట్టేవాడివి, ఇప్పుడు దయగా పెడుతున్నావు." మేస్త్రి గారు "వయసండీ" అన్నారు. నేను పక్కనే తల వంచుకుని కలుపు తీస్తున్నాను. ఆ మాట ఎవరికి చెందుతుందో తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఆ రోజంతా ఆ మాటని కొంగున కట్టుకున్నట్టు తిరిగాను. ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పుకుందామన్నా నోరు లేదు.

ఇప్పుడు కుక్క సంగతి. ఇది రాయకపోతే ఆయన గురించి రాసినట్టే కాదు.

మాఘమాసంలో పెద్ద పోటీ పెట్టారు. విజయవాడ నుంచి కూడా ఆడేవాళ్ళు వచ్చారు. ఆరో గ్రీను దులిపి, మధ్యకి కాస్త ఎడంగా తడి వదిలి దిగాను. ఇంతలో పంపుషెడ్డు దగ్గర తిరిగే ఎర్రకుక్క గ్రీను పైఅంచుకి ఎక్కి, కాలెత్తి, తీరిగ్గా పని కానిచ్చి వెళ్ళిపోయింది. గడ పట్టుకుని పరిగెత్తబోయాను. అప్పటికే సెక్రటరీ గారు అతిథుల్ని వెంటబెట్టుకుని వచ్చేశారు. "చూడండి, ఇప్పుడు చూడండి, కాలితో ఎట్లా పట్టుకుంటాడో" అంటున్నారు. మేస్త్రి గారు చెప్పులు విడిచారు. ఆ రోజు పైఅంచు వైపు నుంచే ఎక్కారు.

నేను దగ్గాను. గట్టిగా దగ్గాను. పక్కన కలుపు తీసే మరియమ్మ, "మిరప ఘాటు కాబోలు, నీళ్ళు తాగవే" అని సీసా ఇచ్చింది. ఇంకోసారి దగ్గాను. మేస్త్రి గారి కాలు ఆగింది. గొట్టం దిగింది. అంచుకి రెండడుగుల దూరంలో, నిలువు వాలు మీద, అంతమంది పెద్దమనుషుల ముందు, కుక్క చూపించిన చోట గుంత పడింది.

ఆ రోజు ఆరో గ్రీను మీద పెద్ద యుద్ధమే జరిగింది. బంతి గుంత దాకా వెళ్ళడం, ఆగకుండా దొర్లి గ్రీను పక్కనున్న ఇసుక గుంటలో పడటం. ఒక మిరప వ్యాపారి ఏడుసార్లు కొట్టి, కర్ర విసిరేసి, "ఏంటయ్యా మేస్త్రీ, మా మీద పగా?" అని అరిచాడు. సెక్రటరీ గారి మొహం మాడిపోయింది. చివరికి విజయవాడ నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు రెండు దెబ్బల్లో వేసి, టోపీ తీసి, "ఇంత గుండెధైర్యం ఉన్న గుంత నేను చూడలేదు" అన్నారు. అంతే, అందరి మాటా మారిపోయింది. అరిచినవాళ్ళే మేస్త్రి గారి భుజం తట్టి వెళ్ళారు.

సాయంత్రం పంపుషెడ్డులో ఆయన కోపంగా ఉన్నారు.

"అమ్మాయ్, ఆరులో అంత గట్టిది ఎందుకు పెట్టావ్? వాలుందని నా కాలికి తెలిసింది. నువ్వు ఏదో ఆలోచించే పెట్టి ఉంటావని కోశాను."

"నేను పెట్టలేదండీ."

"మరెవరు పెట్టారు?"

"కుక్కండీ."

కాలు ఎత్తి వాసన చూసుకున్నారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అలాగే తిరిగారు పాపం. కుళాయి కింద కాలు పెట్టి రుద్దుకుంటూ, "అయితే ఈ క్లబ్బులో గుంతలు పెట్టగలిగినవాళ్ళం ముగ్గురం అన్నమాట" అన్నారు. ఇద్దరం నవ్వాం. నాకు కళ్ళ నీళ్ళొచ్చేదాకా, ఆయనకి దగ్గొచ్చేదాకా. నవ్వు ఆగాక నాకు భయమేసింది. ఆయన తన కాలి కంటే నన్ను ఎక్కువ నమ్మారు. అంత నమ్మినవాళ్ళని వదిలి ఎటు వెళ్తాను?

నిజంగానే వెళ్ళే అవకాశం ఆ ఏడే వచ్చింది. పొదిలిలో ఉండే మా చెల్లెలు, అక్కడి పిల్లల హాస్టల్లో వంటపని చూపించింది. నిలబడి చేసే పని. "నీ మోకాళ్ళకి మంచిది అక్కా, రా" అని నాలుగుసార్లు ఫోన్ చేసింది. నేను వెళ్తే మేస్త్రి గారు రెండో రోజుకే బయటపడతారు. రానన్నాను. ఎందుకంటే చెప్పలేకపోయాను. మా చెల్లెలు ఇప్పటికీ ఆ కోపం మనసులో పెట్టుకుంది. "నువ్వు ఆ గడ్డి కింద ఏం దాచావో" అంటుంది.

మూడో ఏడు ఆయన భార్య పోయింది. పెద్దకర్మ అయ్యాక, మనసు చిక్కబట్టుకుని అడిగాను: "ఇంక చెప్పేద్దామాండీ? ఇంకెవరి కోసం?" ఆయన చాలాసేపు లవంగం నమిలారు. "ఈ వానాకాలం పోనీ" అన్నారు. వానాకాలం పోయాక, "ఈ పోటీ పోనీ" అన్నారు. తర్వాత నేను అడగడం మానేశాను. అప్పటిదాకా ఆ మంచం కోసం అనుకున్నాను. ఆయనకి ఆ తడి తగలకుండా తెల్లారదని అప్పుడు అర్థమైంది. కోపం రాలేదంటే అబద్ధం. ఆయన చెప్పులు విడిచి గ్రీను ఎక్కేటప్పుడు మొహం చూస్తే ఆ కోపం నిలిచేది కాదు. అదీ నిజం.

ఈ ఏడు వేసవిలో జ్వరం పట్టుకుని లేవలేకపోయారు. కూతురు వచ్చి అద్దంకి తీసుకెళ్ళింది. వానలు పడ్డాక ఒక ఆదివారం చూడటానికి వెళ్ళాను. బస్సులో అంతా ఒకటే అనుకున్నాను. ఈరోజు ఆయన నన్ను విడిచిపెడతారు, ఇంక చెప్పుకో అమ్మాయ్ అంటారు.

కూతురు మంచం పక్కనే కూర్చుంది, లేవలేదు. ఆమెకీ ఏమీ తెలియదు. ఆయన నా గొంతు విని, "ఆరులో ఎక్కడ?" అన్నారు. కూతురు, "నాన్న రోజూ ఇదే పలవరింతండీ" అంది. గ్లాసులో నీళ్ళున్నాయి. వేలు ముంచి, పాదాలకి నమస్కారం పెడుతున్నట్టు వంగి, ఆయన అరికాలే ఆరో గ్రీను అనుకుని ఒక చుక్క పెట్టాను. ఎడమకాలు, మడమకి కాస్త పైన. ఆయన మొహం విచ్చుకుంది. "తూర్పుకి జరిపావు. బావి కుంగిందా?" అన్నారు.

"చిటికెడు కుంగిందండీ."

"మంచిపని చేశావ్." తర్వాత కూతురితో, "ఈ అమ్మాయి లాంటి నిదానస్తురాలు నా దగ్గర ఎవరూ పనిచెయ్యలేదమ్మా. ప్రాణం పోయినా మాట దాటదు" అన్నారు. నా తల మీద చెయ్యి వేశారు. అది ఆశీర్వాదమే. దాంతోనే తలుపు కూడా మూసుకుపోయింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా పత్తిచేలు చూస్తూ వచ్చాను, ఒక్క చేనూ గుర్తులేదు. అదే ఆఖరిచూపు.

క్లబ్బులో సంతాపసభ పెట్టారు. పనివాళ్ళం వెనక వరసలో నిలబడ్డాం. పూలదండ వేసిన ఫోటోలో ఆయన నల్లకళ్ళజోడుతో ఉన్నారు. సెక్రటరీ గారు మాట్లాడుతూ, "ఆ పోటీ రోజు ఆయన కోసిన ఆరో గుంత ఒక్కటి చాలు, ఆయన ఎంత గొప్పవాడో చెప్పడానికి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు నవ్వు పొంగుకొచ్చింది, దాని వెనకే ఏడుపు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. మరియమ్మ నా వీపు రాస్తూ, "ఊరుకోవే, పెద్దాయన సుఖంగా పోయాడు" అంది. కుక్క అని చెప్పడానికి ఈ లోకంలో నాకు తోడు ఎవరూ లేరు. ఆ కుక్క కూడా పోయిన ఏడే లారీ కింద పడింది.

ఆయన మంచాన పడ్డప్పుడే కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. చిన్న వయసు, మర్యాదస్తుడు, అందర్నీ అమ్మా అంటాడు. చేతిలో అట్ట ఉంటుంది, దాని మీద తొమ్మిది గ్రీన్ల బొమ్మలు, నెల మొత్తానికి గుంతలు ఎక్కడో అచ్చు వేసి ఉంటాయి. బూట్లతో గ్రీను ఎక్కి, టేపు పెట్టి కొలిచి కోస్తాడు. సంతాపసభ అయిన మర్నాడు మా అందర్నీ పిలిచాడు.

"ఈ గ్రీన్లు బాగా తెలిసినవాళ్ళు నాకొకరు కావాలి. నా వెంట నడిచి వాలు చెబితే చాలు. కలుపు పని ఉండదు."

మరియమ్మ నా డొక్కలో పొడిచింది. "చెప్పవే. పది చదివావు. ఆయన వెనకాలే తిరిగావుగా ఇన్నేళ్ళూ."

"మీకు తెలుసా అమ్మా?" అన్నాడు.

"తెలియదు బాబూ."

"రోజూ ఆయన పక్కనే ఉన్నారటగా?"

"నేను మంచు చూశాను బాబూ. గుంతలు చూడలేదు."

చూసి నేర్చుకున్నానని చెప్పొచ్చు కదా అని మీరు అనొచ్చు. నేనూ ఆ మాట నాలుక చివరిదాకా తెచ్చుకున్నాను. నేను చెప్పినచోట గుంత పడితే మొదటి రోజే ముసలి డాక్టరు గారు పోల్చేస్తారు. పనితనం చూసి మనిషిని పోల్చే రకం ఆయన. "ఐదేళ్ళుగా దయగా పెట్టింది నువ్వా?" అని అడిగితే, అమరేశ్వరుడి ముందు ఆర్పిన కర్పూరం నా అరచేతిలో మళ్ళీ అంటుకుంటుంది. అవునంటే మేస్త్రి గారి పేరు పోతుంది. కాదంటే నా ఐదేళ్ళూ పోతాయి. అందుకే తెలియదన్నాను. ఆ పని ఇంకొకరికి ఇచ్చారు.

అయినా పొద్దున్నే గడ పట్టుకుంటే చెయ్యి ఊరుకునేది కాదు. గ్రీను అంతా దులిపేదాన్ని, ఒక్కచోట తడి వదిలేసేదాన్ని. చెప్పులు విడిచి ఎక్కేవాళ్ళు లేరు, తెలుసు. అయినా వదిలేదాన్ని. ఆరులో అట్ట ప్రకారం పడమటి పక్కన గుంత కోస్తుంటే, తూర్పున నేను వదిలిన తడి ఎండకి మెల్లగా ఆరిపోయేది. రెండు వారాలకి ఆ గుంత చుట్టూ గడ్డి నల్లబడింది. సూపర్‌వైజరు మందు కొట్టించాడు. మందుతో పోయేది కాదు అది. నేను పక్కనే కూర్చుని కలుపు తీస్తున్నాను.

ఒకరోజు అతను నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "అమ్మా, రోజూ ఒకచోట మంచు వదిలేస్తున్నారు. నిన్న అక్కడ, ఇవాళ ఇక్కడ. ఎందుకని?"

అతను ఆ తడి వైపు చూశాడు, అట్ట వైపు చూశాడు. వంగి, కూర్చుని కూడా చూశాడు. కూర్చుని చూసేవాళ్ళకి వాలు తెలుస్తుంది. ఇంకొక్క క్షణం ఉంటే ఏమయ్యేదో.

"చెయ్యి నొప్పి బాబూ. అక్కడక్కడా అందట్లేదు" అన్నాను.

అతను లేచాడు. జాలిపడ్డాడు. మంచివాడు. "అయితే రేపటినుంచి గడ మరియమ్మకి ఇచ్చెయ్యండి. మీరు కూర్చుని కలుపు తీసుకోండి చాలు."

మర్నాటినుంచి మరియమ్మ దులుపుతోంది. శుభ్రంగా దులుపుతుంది. ఒక్క చుక్క మిగల్చదు.

మోకాళ్ళు ఇప్పుడు రాత్రిపూట కూడా ముడుచుకోవడం లేదు. సాయంత్రం దీపం పెట్టాక ఈ నోటుపుస్తకం తీస్తున్నాను. వెనక పేజీల్లో, పేజీకొకటిగా, తొమ్మిది గ్రీన్లు గీశాను, పెన్సిలుతో, ఉన్నది ఉన్నట్టు. గుంతలు గియ్యలేదు. రోజూ దేవుడి దగ్గర చెంబులో నీళ్ళతో వేలు తడుపుకుని, ఆ రోజు గుంత ఎక్కడ ఉండాలో అక్కడ ఒక చుక్క ఆనిస్తాను. కాసేపటికి ఆరిపోతుంది. రేపటికి ఇంకొక పేజీ.

ఈ పుస్తకం ఎవరికి దొరికినా ఒక్కటే కోరుకుంటాను. చించకండి, కాల్చకండి. పూజపెట్టెలో విభూతి పొట్లం కింద ఎలా ఉందో అలాగే ఉంచండి. ఎవరికీ చూపించకండి. ఆ వెనక పేజీల్లో కంటికి కనపడేది ఏమీ లేదు. కాగితం మీద మెల్లగా వేలు పెట్టి నడిపిస్తే, ఒక్కొక్క గ్రీనులో ఒక్కొక్క చోట కాస్త ముడత తగులుతుంది.